ముప్పై ఎనిమిది సెకన్లు

పోయిన వారం మనం చిలకని ఆ రెండో అంతస్తు గదిలో, చేతిలో ఒక కాగితంతో వదిలేశాం. ఆ కాగితం సంగతేమిటో కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియాలంటే రెండడుగులు వెనక్కి వెయ్యాలి.

కంప్యూటరు సాయంతో రాసేటప్పుడు రచయితల బుర్రలో ఏం జరుగుతుందో కనిపెట్టడం చిలక పరిశోధన. ఎదుటివాళ్ళు అన్నది అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేదని చిన్నప్పుడు ఇంట్లో పెట్టిన ముద్దుపేరు 'చిలక'. ఇప్పుడా అలవాటే ఉద్యోగమై కూర్చుంది. పన్నెండు మంది రచయితలు వంతులవారీగా ఆ గదికి వచ్చి 'తోడు' అనే సాఫ్ట్‌వేరుతో రాస్తారు. మనిషి రాస్తూ ఆగితే చాలు, తరవాతి వాక్యం ఇదేమో చూడమని 'తోడు' బూడిదరంగు అక్షరాల్లో చూపిస్తుంది. నచ్చి ఒక మీట నొక్కితే ఆ అక్షరాలు నల్లబడి మన వాక్యమైపోతాయి. నచ్చకపోతే పట్టించుకోకుండా మన దారిన మనం రాసుకోవచ్చు. షరతు ఒక్కటే. రాస్తున్నంతసేపూ మనసులో మెదిలిన ప్రతి మాటా పైకి అనాలి. టేబుల్ మీది మైకు ఆ మాటల్ని దాస్తుంది, కంప్యూటరు ఆ రాతని దాస్తుంది. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకూడదు కాబట్టి పేర్లుండవు, నంబర్లే.

నాలుగో నంబరు నలభై నవలలు రాసిన పెద్దావిడ. తన వంతులో రాస్తూ రాస్తూ ఆగి, "మా చెల్లెలు ఒక మాట అనేది. తాళం వేసుకుని వెళ్ళేవాళ్ళు తిరిగొస్తారు, తలుపు దగ్గరికి వేసి వెళ్ళేవాళ్ళే రారు అని" అంది. అన్నదే కానీ రాయలేదు. మూడు వారాల తరవాత అదే మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా, తొమ్మిదో నంబరు రాసిన కథలో ప్రత్యక్షమైంది. "'తోడు' చూపించింది, బాగుందని తీసుకున్నా" అన్నాడాయన. ఆ కథ అచ్చుతీసిన కాగితాన్ని చిలక టేబుల్ మీద మరిచిపోయింది. అది కాస్తా పెద్దావిడ కంట పడింది.

"నేను గాల్లోకి వదిలేసిన మాట ఇంకొకరి కాగితం మీద ఎలా వాలిందమ్మాయ్? ఈ కాగితం ఎవరిదో శుక్రవారం పదకొండింటికల్లా నాకు చెప్పాలి. లేదంటావా, మీ పైవాళ్ళ దగ్గరే తేల్చుకుంటా" అని ఆవిడ చేతికర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

అక్కడ ఆగాం. ఇక వినండి.

గురువారం పొద్దున్న చిలక టీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. ఎదురుగా మరిది కూర్చుని ఫోను చూసుకుంటూ తన టీ చప్పరిస్తున్నాడు. 'తోడు' తయారుచేసిన కంపెనీలోనే అతని ఉద్యోగం. పరిశోధనకి దాన్ని ఊరికే ఇప్పించిందీ, స్వయంగా వచ్చి ఆ గదిలో కంప్యూటర్లోకి ఎక్కించి వెళ్ళిందీ అతనే. ఆ రోజు అరగంటసేపు గదిలో ఒక్కడే ఉన్నాడు. అప్పుడది సాయంలా కనపడింది. ఇప్పుడు అదే అరగంట చిలక బుర్రలో చెదపురుగులా తిరుగుతోంది. పైగా రెండుసార్లు భోజనాల దగ్గర, "మీ నవలలావిడ ఏమంటోంది వదినా, మా సరుకు నచ్చిందా?" అని అడిగాడు. ఊరికే అడిగాడా, కూపీ లాగడానికి అడిగాడా?

"నిన్నొకటి అడగనా?" అంది.

"అడుగు వదినా."

"ఆ గదిలో మైకు వినేది మీ కంపెనీవాళ్ళక్కూడా వినపడుతుందా?"

మరిది ఫోను బోర్లా పెట్టాడు. పక్కనే ఉన్న చిలక భర్త చేతిలోని పేపరుని ఇంకో రెండంగుళాలు పైకెత్తుకున్నాడు. ఇంట్లో పిడుగు పడేట్టుంటే ఆయన గొడుగు అదే.

"అంటే? నేను దొంగచెవులు పెట్టానంటావా?"

"నేనలా అనలేదు."

"అనకుండా అనడంలో నిన్ను మించినవాళ్ళు లేరులే. ఏం జరిగిందో చెప్పి ఏడు ముందు."

ఎవరి పేరూ చెప్పకుండా చిలక సంగతి చెప్పింది. ఒక నోటి మాట, మైకు తప్ప ఎవరూ విననిది, ఇంకొకరికి 'తోడు' చూపించిందని. మరిది మొహం ఎర్రబడింది. కోపంలో నిజం ఉంటుందంటారు కానీ, గుమ్మడికాయల దొంగకి కూడా కోపం వస్తుందని చిలక తనలో తను అనుకుంది.

"వదినా, 'తోడు'కి చెవుల్లేవు. తెర మీద రాసింది చూస్తుంది, అంతే. మైకుకీ దానికీ సంబంధమే లేదు. నమ్మవు, నాకు తెలుసు. నమ్మొద్దు కూడా. నీ కంప్యూటర్లో లాగ్ ఫైలని ఒకటుంటుంది. ఏ మీట ఏ సెకనులో నొక్కారో, 'తోడు' ఏం చూపించిందో, ఏం చూపించలేదో మొత్తం అందులో ఉంటుంది. చూశావా దాన్ని?"

"అవన్నీ ఆఖర్న, పన్నెండు మందీ అయ్యాక చూద్దామని..."

"ఇంట్లో మనిషిని అడిగేముందు ఒళ్ళో ఉన్న మిషన్ని అడగాల్సింది." లేచి కప్పు సింకులో పెట్టేసి, గుమ్మం దగ్గర ఆగి, "నా చేత చేయించుకున్న సాయానికి నన్నే దొంగని చేశావు చూడు, అది బాగుంది" అని వెళ్ళిపోయాడు.

పేపరు కొంచెం కిందికి దిగింది. "అనవసరంగా కదిపావేమో" అన్నాడు భర్త.

"మీరు చదువుకోండి" అంది చిలక.

తొమ్మిదిన్నరకల్లా గదికి చేరింది. ఆ గదిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఒక టేబుల్, రెండు కుర్చీలు, కంప్యూటరు, పిట్టమెడలా వంగిన మైకు, ఎప్పుడూ జలుబు చేసినట్టు గురగురలాడే ఏసీ. గోడకి ఒక అట్ట: 'మనసులో ఉన్నది పైకి చెప్పండి.' ఎవరైనా పది సెకన్లు దాటి మౌనంగా ఉంటే చిలక పెన్నుతో ఆ అట్ట మీద తడుతుంది. అప్పుడు ఉలిక్కిపడి మళ్ళీ మాట్లాడతారు.

తొమ్మిదో నంబరు లాగ్ ఫైలు తెరిచింది. వరసలు వరసలుగా గంటలు, నిమిషాలు, సెకన్లు, అక్షరాలు. మొదట్లో చీమల బారులా ఉన్నా చదవగా చదవగా దారి తెలిసింది. 'తోడు' ఏదైనా చూపించిన చోటల్లా 'సూచన' అని ఒక వరస, మీట నొక్కి తీసుకుంటే 'అంగీకారం' అని ఇంకో వరస. ఆ వాక్యం దగ్గరికి వచ్చింది.

సూచన లేదు. అంగీకారం లేదు.

త, ఆ, ళ... ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క మీట మీద ఒక మనిషి వేలు కొట్టినదే. మధ్యలో చెరుపుడు మీట ఇరవైసార్లు. తరవాత మళ్ళీ అవే అక్షరాలు మొదటినుంచీ.

చిలక చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని అదే సమయానికి ఆ రోజు రికార్డింగు పెట్టింది. ముందు తొమ్మిదో నంబరు గొంతు, ఏదో ఇంటిగుమ్మం గురించి గొణుక్కుంటూ. తరవాత దూరంగా తన గొంతే, "సంతకం ఎక్కడండీ?" అని. గుర్తొచ్చింది. కొరియరు వస్తే వరండాలోకి వెళ్ళింది. ఆ కాసేపూ గదిలో పెన్నుతో తట్టే మనిషి లేదు. ముప్పై ఎనిమిది సెకన్లు ఆయన పెదవి కదపలేదు. కుర్చీ కిర్రుమంది. మీటల చప్పుడు, టకటకా కాదు, మెట్లు దిగే ముసలివాళ్ళ అడుగుల్లా ఒక్కొక్కటి. ఆగింది. చెరుపుడు. మళ్ళీ మొదలు. అంతలో తన చెప్పుల చప్పుడు దగ్గరైంది. ఆ చప్పుడు వినపడిన వెంటనే ఆయన గొంతు, చాలా మామూలుగా, నవ్వుతూ: "ఇది చూశారా మేడమ్, 'తోడు' ఎంత మంచి వాక్యం చూపించిందో!"

తను వచ్చి చూసేటప్పటికి తెర మీద నల్లటి అక్షరాలు. బూడిదరంగులో వచ్చాయో లేదో ఎవరు చూశారు? మనిషి నవ్వుతూ చెప్పాడు, తను రాసేసుకుంది. చిలక అన్న పేరు సార్థకం చేసుకుంది.

మరిది సంగతి గుర్తొచ్చి మొహం వేడెక్కింది. కానీ ఆ సిగ్గు వెనకాలే ఇంకో ప్రశ్న వచ్చి నిలబడింది. మిషను చెప్పకపోతే ఆ మాట ఈయనకెవరు చెప్పారు? పెద్దావిడ అన్నప్పుడు గదిలో ఉన్నది ఆవిడా, తనూ, మైకూ.

ఫోను తీసి తొమ్మిదో నంబరుకి చేసింది. రేపు పదింటికి ఒక్క అరగంట రమ్మంది.  "వస్తాను" అన్నాడు. ఎందుకని అడగలేదు. అడక్కపోవడమే చిలకకి నచ్చలేదు.

శుక్రవారం పదింటికి ఐదు నిమిషాల ముందే వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. మందుల పెట్టెల్లో మడతపెట్టి ఉండే కాగితాలు రాయడం ఆయన ఉద్యోగం. రోజుకెన్ని వేసుకోవాలి, ఎవరు వేసుకోకూడదు, దద్దుర్లు వస్తే ఏం చెయ్యాలి, అవన్నీ ఆయన రాతే. "లక్షల కాపీలు అచ్చవుతాయి మేడమ్, ఒక్కడూ చదవడు" అని మొదటిరోజు తనే నవ్వించాడు. కథలు రాసుకోవడం సెలవురోజుల్లో.

ఇవాళ నవ్వించలేదు. కూర్చోబోతూ మైకు వైపు చూశాడు.

"తీగ తీసేశాను. కావాలంటే చూసుకోండి సార్" అంది చిలక.

ఆయన మొహమాటపడకుండా వంగి చూసుకున్నాడు. తరవాత కూర్చున్నాడు.

చిలక ఆ రికార్డింగు పెట్టింది. గదిలో ముప్పై ఎనిమిది సెకన్ల మౌనం ఇంకోసారి గడిచింది. చెప్పుల చప్పుడు వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆపేసింది.

"'తోడు' చూపించలేదు సార్. మీరే రాశారు, చెరిపారు, మళ్ళీ రాశారు. మిషను మీదెందుకు తోశారు?"

"మిషనైతే ఎదురు చెప్పదని."

"దానివల్ల నిన్న మా ఇంట్లో ఒకర్ని దొంగని చేశాను. వాళ్ళు ఎదురు చెప్పారు."

ఆయన చొక్కా చేతి గుండీ సర్దుకున్నాడు. "సారీ మేడమ్. ఎక్కడో చదివిన మాట. నాది కాదని గిల్టీగా అనిపించి అలా అనేశాను."

"ఎక్కడ చదివారు?"

"గుర్తులేదు."

"ఆ మాట ఎక్కడా అచ్చు కాలేదు సార్."

అన్నాక నాలిక కరుచుకుంది. కానీ మాట పెదవి దాటింది. మందుకాగితాలాయన మెల్లగా తలెత్తాడు. ఇప్పటిదాకా దోషిలా కూర్చున్న మనిషి చూపు మారిపోయింది.

"అచ్చు కాలేదని మీకెలా తెలుసు?"

చిలక రికార్డింగు ఫైలు మూసేసింది.

"అంటే ఈ మాట మీ దగ్గర ఇంకెవరో అన్నారన్నమాట. ఈ కుర్చీలోనే కూర్చుని అన్నారు. ఎవరు మేడమ్? ఆ నవలలావిడా?"

ఏసీ గురగురలాడింది. అవునంటే ఒకరి రహస్యం బయటపెట్టినట్టు. కాదంటే అబద్ధం. చిలక కాగితాలు సర్దుతున్నట్టు నటించింది.

"పది సెకన్లు దాటాయి" అన్నాడాయన గోడ మీది అట్ట చూపిస్తూ. "పైకి చెప్పండి."

ఇంకెప్పుడైనా అయితే నవ్వేదే. "ఆవిడని మీరెరుగుదురా?" అని అడిగింది.

"ఆవిడ నన్నెరగదు. మీ పరిశోధనకి రచయితలు కావాలని వేసిన ప్రకటనలో ఆవిడ ఫొటో ఉంది, మాతో రాస్తున్నారు అంటూ. అది చూసే దరఖాస్తు పెట్టాను. కథల మీద ప్రేమతో కాదు. వరండాలో ఎప్పుడైనా ఎదురుపడితే గొంతు విందామని. తీరా చూస్తే వంతులన్నీ వేరువేరు రోజులకి వేశారు మీరు, ఒక్కసారి కూడా ఎదురుపడలేదు."

చిలక చేతిలోని పెన్ను కింద పెట్టేసింది. ఇన్నాళ్ళూ తను రచయితల మనసులు చదువుతున్నాననుకుంది. ఈయన నెలన్నరగా ఎదురుగా కూర్చుని, మనసులోదంతా పైకి చెప్తున్నట్టే చెప్తూ, అసలు సంగతి మాత్రం పంటి కింద దాచుకున్నాడు.

"ఆవిడతో మీకేం పని? ఏదైనా పగా?"

"పగా!" నవ్వబోయి మానేశాడు. "మీరు ముందొకటి చెప్పండి. ఆ మాట ఎలా అన్నారు? ఎవరిదని అన్నారు?"

చిలక ఆలోచించింది. నియమాల పుస్తకం ఒక పక్క, గంటలో రాబోయే పెద్దావిడ ఒక పక్క. ఎవర్నీ నమ్మలేని చోట కూడా ఎవరో ఒకర్ని నమ్మాలి కదా అనుకుని సగం తలుపు తెరిచింది. "ఎవరన్నారో చెప్పను. ఒకరి చెల్లెలు అనేదట ఆ మాట."

"అనేదట!"

ఆయన లేచి నిలబడ్డాడు. కిటికీదాకా వెళ్ళాడు, తిరిగొచ్చాడు. జేబులో పెన్ను తీసి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

"మా అమ్మ చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది మేడమ్. రోజుకి మూడొందల చొక్కాలు. చేతులు ఎంత నొప్పెట్టినా ఇల్లు కదిలేటప్పుడు తాళం వేసి మూడుసార్లు గుంజి చూసేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు బడికి ఆలస్యమై తలుపు దగ్గరికి లాగేసి పరిగెత్తాను. సాయంత్రం వచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. చెంప పగలగొట్టింది. నా జన్మలో అమ్మ నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. కొట్టి తనే ఏడ్చింది. ఏడుస్తూ చెప్పింది ఆ మాట."

"అయితే ఆ చెల్లెలు..."

"అమ్మ ఆ మాట అనేది కాదు. అనిపించుకుంది." ఆయన గొంతు పెరగలేదు, కానీ ఒక్కో మాట మందు కాగితం మీది హెచ్చరికలా వేరువేరుగా పడింది. "పంతొమ్మిదేళ్ళప్పుడు, గడప దాటుతుంటే, సొంత అక్క అంది. 'తాళంచెవి అక్కడ పెట్టు. తలుపు దగ్గరికి వేసి పో. తాళం వేసుకుని వెళ్ళేవాళ్ళు తిరిగొస్తారు, తలుపు దగ్గరికి వేసి వెళ్ళేవాళ్ళే రారు' అని. నలభై ఒక్కేళ్ళయింది. అమ్మ వెళ్ళలేదు. ఆ అక్క పిలవలేదు."

చిలక కుర్చీ చెయ్యి పట్టుకుంది. పెద్దావిడ ఆ మాట అన్నప్పటి మొహం కళ్ళముందు కదిలింది. కళ్ళు చెమర్చాయి ఆవిడకి, నిజం. "మా చెల్లెలు పోయాక ఇల్లు ఇల్లులా లేదు" అని కూడా అంది. 'పోయాక' అంటే చచ్చిపోయిందనుకుంది చిలక. రాసుకుంది కూడా. నలభై నవలల అనుభవం ఉన్న మనిషి, తన నోటి మాటని చెల్లెలి నోట్లో పెట్టి, తరిమేసినదాన్ని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకుందా? లేక అబద్ధం చెప్తున్నది ఈయనా? ఒకసారి నవ్వుతూ మోసం చేసిన గొంతే కదా ఇది.

"మిమ్మల్నెలా నమ్మను?" అంది సూటిగా.

"నమ్మకండి. నిన్న మీ ఇంట్లోవాళ్ళని నమ్మారా? ఇవాళ నన్నెందుకు నమ్మాలి?" పర్సులోంచి ఒక ఫొటో తీయబోయి ఆగాడు. "ఇది చూపించడానికి నాకు హక్కు లేదు. నేనిక్కడికి వస్తున్నట్టు అమ్మకి తెలీదు. తెలిస్తే ఆ రెండో చెంప కూడా పగలగొడుతుంది."

"ఎందుకు పంపేశారు మీ అమ్మగార్ని?"

"అడగలేదు. అడిగితే చెప్పేదేమో. నా ఊహ నాకుంది. కానీ ఆ ఇంట్లో నా సంగతి ఒక్కరికి కూడా తెలీదని మాత్రం అమ్మ ఒట్టేసి చెప్పింది. నేను కడుపులో ఉన్న సంగతి ఎవరికీ చెప్పకుండానే ఇల్లు వదిలిందట. చెప్పి ఉంటే అక్క ఉండనిచ్చేదేమోనని ఇప్పటికీ అనుకుంటుంది. అక్క చేత అంతమాట అనిపించింది తన మొండితనమే అని, తప్పంతా తన నెత్తినే వేసుకుంటుంది పిచ్చిది."

చిలక గడియారం చూసింది. పదీ నలభై. "సార్, పదకొండింటికి ఆవిడ ఇక్కడికొస్తారు. ఆ కాగితం ఎవరిదో చెప్పమని పట్టుబట్టారు. నేను చెప్పను. కానీ మీరిక్కడుంటే చెప్పినట్టే. వెనక మెట్ల మీదుగా..."

మాట పూర్తి కాలేదు. వరండాలో చేతికర్ర చప్పుడు, దాని వెనకే నింపాదిగా అడుగులు. పెద్దావిడ గుమ్మంలోకి వచ్చేసింది. ఇరవై నిమిషాలు ముందే వచ్చినందుకు నొచ్చుకున్న ఛాయలు మొహంలో ఎక్కడా లేవు. ముందే రావాలనే వచ్చినట్టుంది.

"కూర్చోండమ్మా" అంది చిలక తడబడుతూ. "మిషను సంగతి తేలింది. మైకు మాట దానికి వినపడదు. కంపెనీవాళ్ళ తప్పేం లేదు..."

"మిషను సంగతి నాకెందుకమ్మాయ్?" అంది పెద్దావిడ చిలక వైపు చూడకుండానే. "మిషను దొంగతనం చేసిందని నేనేనాడైనా అన్నానా? కాగితం ఎవరిదని అడిగాను. అంతే."

నిజమే. చిలక ఆవిడ మాటలన్నీ మనసులో ఒక్కసారి తిరగేసుకుంది. మిషను పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు ఆవిడ. ఎత్తిందీ, మరిది దాకా తీసుకెళ్ళిందీ తనే.

మందుకాగితాలాయన కదల్లేదు. నెలన్నరగా వినాలనుకున్న గొంతు రెండడుగుల దూరంలో వినపడుతుంటే, తెచ్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో, చేతులు జోడించి, "నమస్కారమండీ. నేను తొమ్మిదో నంబరు" అని మాత్రం అన్నాడు.

పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంది. అచ్చుకి వెళ్ళబోయే పేజీలో తప్పులు వెతికినట్టు ఆయన్ని నుదుటి దగ్గర్నుంచి మొదలుపెట్టి, కనుబొమలు, ముక్కు, గడ్డం, ఒక్కొక్క వరసా చదివింది. ఎంతసేపు చదివిందో చిలక లెక్కపెట్టలేదు. 

"ఇన్నేళ్ళూ ఆడపిల్ల పుట్టి ఉంటుందనుకున్నాను" అంది.